పెద్దరికం నిలుపుకోలేకపోయిన పెద్ద – అళియ రామరాయలు

పాఠశాల సంచికలలో మహనీయుల జీవితచరిత్రలు వ్రాయడం ఒక సదాచారం. మన ప్రాంతపు పిల్లలకు ముద్దేనహళ్లిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారి చరిత్ర కంఠస్థం. శ్రీకృష్ణదేవరాయల విజయయాత్రలను గూర్చి ప్రతి నాడపండుగ సభలోనూ ఎవరో ఒకరు ప్రసంగిస్తూనే ఉంటారు. అయితే విజయాలు మాత్రమే చదివిన విద్యార్థికి చరిత్రలో సగమే తెలుస్తుంది. మహాశక్తిమంతుడైన ఒక నాయకుడు ఎలా పెరిగాడో, ఎందుకు కూలాడో తెలిపే జీవితం కూడా మనకు పాఠ్యగ్రంథమే. అందుచేత ఈ ప్లాటినం జూబిలీ సంచికకై అళియ రామరాయల జీవితాన్ని ఎన్నుకున్నాను.

ఆయన మనకు దూరపువాడు కాడు. మన తొండేభావి స్టేషనులో రైలెక్కి గౌరీబిదనూరు, హిందూపురం దాటితే పెనుకొండ వస్తుంది. రామరాయల పతనానంతరం విజయనగర సామ్రాజ్యం తలదాచుకున్న దుర్గం అదే. ఆయన పేరులోనే మన రెండు భాషల పొత్తు ఉన్నది. ఆయన వంశం ఆరవీటివారిది, తెలుగు వంశం. ‘అళియ’ అనునది అల్లుడు అనే అర్థమిచ్చే కన్నడ పదం. ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాటలాడే మన పిల్లలకు ఇటువంటి పేరు వింతగా తోచదు.

వంశము – బాల్యము – తొలి కొలువు

రామరాయల ముత్తాత ఆరవీటి బుక్కరాజు సాళువ నరసింహుని కొలువులో పేరుపొందిన యోధుడు. తండ్రి శ్రీరంగరాజు. తిరుమలరాయలు, వేంకటాద్రి ఆయన సోదరులు. అన్నదమ్ములు ముగ్గురూ కడవరకు ఒక్కమాటపై నిలిచారు. రాజ్యంకోసం సోదరులు పరస్పరం కత్తులు దూసుకున్న ఆ శతాబ్దంలో ఇది చెప్పుకోదగిన విశేషం.

ఆయన యౌవనాన్ని గూర్చి గోల్కొండ చరిత్ర ఒకటి ఆసక్తికరమైన సంగతి తెలుపుతున్నది. 1512 ప్రాంతంలో రామరాయలు గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్షా కొలువులో ఉండి, ఒక కోట రక్షణభారం వహించాడట. బిజాపూరు సేనలు పైబడగా కోటను విడిచి వచ్చినందుకు సుల్తాను ఆగ్రహించి కొలువునుండి తొలగించాడట. ఆ తరువాత ఆయన విజయనగరం చేరాడు. కృష్ణదేవరాయలు ఆయన శక్తిని గుర్తించి తన కుమార్తెనిచ్చి వివాహం చేశాడు. ఈ విధంగా సుల్తానుల సభామర్యాదలను, వారి సేనల బలాబలాలను, వారి పరస్పర స్పర్ధలను దగ్గరగా చూచే అవకాశం ఆయనకు చిన్నతనంలోనే లభించింది. తరువాతి కాలంలో ఆయన రాజనీతికి ఈ అనుభవమే పెట్టుబడి.

అధికార సోపానము

1529లో కృష్ణదేవరాయలు కాలధర్మం చెందాడు. ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు సింహాసనమెక్కాడు. అధికారం తన చేతికి రావాలని ఆశించిన రామరాయలకు, అచ్యుతునికి పక్షాలు ఏర్పడినవి. బావమరుదులైన సలకరాజులు అచ్యుతునికి అండగా నిలిచారు. ఈ కలహంలో జోక్యం చేసుకొనేందుకు బిజాపూరు సుల్తాను ఇబ్రహీం ఆదిల్షా సేనతో తరలివచ్చాడు. ఇంటి తగవులోనికి పొరుగువాడు వస్తే ఏమి జరుగుతుందో రామరాయలు అప్పుడు ప్రత్యక్షంగా చూశాడు. తరువాత ముప్పై సంవత్సరాలు అదే పనిని తాను పొరుగువారి ఇళ్లలో చేశాడు.

1542లో అచ్యుతుడు మరణించగా ఆయన బాలుడైన కుమారుడు వేంకటరాయలు రాజయ్యాడు. మేనమామ సలకరాజు చినతిరుమలుడు ఆ పసివానిని చంపించి తానే సింహాసనం ఆక్రమించాడు. ప్రజలు, సామంతులు హాహాకారాలు చేసిన ఆ సమయంలో రామరాయలు సోదరులతో కలిసి దండెత్తి చినతిరుమలుని సంహరించి, రాజవంశీయుడైన సదాశివరాయలకు పట్టం కట్టాడు. సదాశివుడు కృష్ణదేవరాయల సోదరుని కుమారుడు. శాసనాలలో ఆయన పేరే చెక్కించేవారు. పాలన మాత్రం సంపూర్ణంగా రామరాయలదే. క్రమక్రమంగా రాజు దర్శనం సైతం అరుదైనది. ఏటికొకసారి మాత్రమే ప్రజలకు చూపేవారని విదేశీ యాత్రికులు వ్రాశారు. అధర్మంగా అధికారం హరించినవానిని దండించినవాడే, న్యాయమైన రాజును అంతఃపురంలో కూర్చుండబెట్టి తాను ఏలాడు. ఈ వైరుధ్యం ఆయన జీవితమంతటా కనబడుతుంది.

పాలకుడుగా

రామరాయలు కేవలం యుద్ధప్రియుడు కాడు. పరిపాలనాదక్షుడు, కళాపోషకుడు. రామామాత్యుడు 1550లో రచించిన ‘స్వరమేళకళానిధి’ అనే సంగీతశాస్త్ర గ్రంథం ఆయన ఆదరణలో వెలువడినదే. దక్షిణభారత సంగీతంలో మేళవిభాగానికి ఆ గ్రంథం ఒక మైలురాయి. కొండోజు అనే మంగలి పనితనానికి మెచ్చి, ఆ వృత్తివారిపై గల పన్నులను రాజ్యంలో పలుచోట్ల రద్దుచేయించాడు. బాదామి మొదలైన స్థలాల శాసనాలు ఇందుకు సాక్ష్యాలు. ఒక చిన్న వృత్తివాని విన్నపం సామ్రాజ్యాధినేత చెవికెక్కిన అరుదైన సందర్భమిది.

1547లో గోవాలోని పోర్చుగీసు అధిపతి జువావో ద కాస్ట్రోతో ఒడంబడిక చేసుకున్నాడు. సముద్రం మీదుగా వచ్చే అశ్వాలు బిజాపూరుకు అందకుండా విజయనగరానికే అమ్మవలెనన్నది అందలి ముఖ్యాంశం. ఆనాడు అశ్వం లేనిదే సైన్యం లేదు. పొరుగువాని కత్తిని పట్టుకోకుండానే వాని గుర్రాన్ని ఆపగల నేర్పు అది.

మన ప్రాంతానికి సంబంధించిన ఐతిహ్యం కూడా ఒకటి కలదు. 1537లో బెంగళూరు కోట కట్టించిన యలహంక ప్రభువు కెంపేగౌడ అనుమతి లేకుండా నాణేలు ముద్రించాడన్న నేరంపై ఆనెగొందిలో బందీ అయి, సుమారు ఐదేళ్ల తరువాత విడుదలై, మరల తన ప్రాంతాన్ని పొందాడని ప్రతీతి. తప్పుచేసిన సామంతుని దండించడమే కాక, దండన ముగిసిన తరువాత ఆతని గౌరవాన్ని తిరిగి అప్పగించడం ఇందులోని విశేషం. తన ఏలుబడిలోని వారి విషయంలో చెల్లిన ఈ నీతి పొరుగురాజుల విషయంలో మరుగునపడింది.

మండలంలో నడిమి రాజు

ఆనాటి దక్కను చిత్రాన్ని విద్యార్థులు ఒకసారి మనస్సులో గీసుకోవాలి. బహమనీ రాజ్యం విచ్ఛిన్నమై అహమ్మదునగరం, బిజాపూరు, గోల్కొండ, బీదరు, బీరారు అనే ఐదు రాజ్యాలేర్పడినవి. ఆ ఐదింటిలో ఏ ఒక్కటీ విజయనగరానికి సాటిరాదు. ఐదూ కలిస్తే విజయనగరం నిలువలేదు. కనుక అవి కలియకుండా చూడడమే రామరాయల విదేశాంగనీతి.

పొరుగురాజు శత్రువు, ఆతని ఆవలివాడు మిత్రుడు అనే మండల సిద్ధాంతాన్ని కౌటిల్యుడు ఏనాడో చెప్పాడు. ఆ అర్థశాస్త్ర ప్రతిని 1905లో మన మైసూరు ప్రాచ్యపుస్తక భాండాగారంలోనే శామశాస్త్రిగారు గుర్తించి, 1909లో ప్రకటించారు. రామరాయలు ఆ గ్రంథం చదివాడో లేదో గాని, ఆచరణలో దానిని అక్షరాలా నడిపించాడు. మొదట అహమ్మదునగరంతో కలిసి బిజాపూరును అణచాడు. 1550 దశకపు ఆరంభంలో రాయచూరు, ముదిగల్లు కోటలు విజయనగరానికి దక్కినవి. తరువాత బిజాపూరు బలహీనమై అహమ్మదునగరం మితిమీరుతున్నదని తోచగానే బిజాపూరు పక్షం వహించాడు. త్రాసులో ఏ తట్ట పైకి లేస్తే దానిలో తన చేయి వేసేవాడు. త్రాసు మాత్రం ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది.

ఈ పెద్దరికంలో మెచ్చదగిన ఘట్టాలు లేకపోలేదు. 1543లో గోల్కొండలో కులీ కుతుబ్షా హతుడై, కుమారుడు జంషీదు గద్దెనెక్కాడు. అతని తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో పారిపోయి విజయనగరం చేరాడు. ఒకనాడు తనను కొలువునుండి తొలగించిన సుల్తాను కుమారుడని రామరాయలు తలంచలేదు. ఏడేళ్లు ఆదరించాడు. 1550లో జంషీదు మరణించగా రామరాయల తోడ్పాటుతో ఇబ్రహీం గోల్కొండ సుల్తానయ్యాడు. విజయనగరంలో గడిపిన ఆ ఏడేళ్లలో ఇబ్రహీం తెలుగు రుచి మరిగాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. ఒక శరణార్థికి చూపిన ఆదరణ మన సాహిత్యానికి ఇంతటి ఫలమిచ్చింది.

బిజాపూరులో అలీ ఆదిల్షా రాజైన క్రొత్తలో రామరాయలకు పుత్రవియోగం కలిగింది. ఆ యువ సుల్తాను కొద్దిమంది పరివారంతో స్వయంగా విజయనగరానికి వచ్చి పరామర్శించాడు. రామరాయల భార్య అతనిని కుమారునిగా భావించి ఆదరించిందని పారశీక చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాశాడు. ఒక సుల్తాను నిర్భయంగా విజయనగరంలోనికి నడచి రాగలిగాడంటే ఆనాటి రాజుల మధ్యనున్న సంబంధాలు మనం ఊహించుకునేంత కరుడుగట్టినవి కావని తెలుస్తుంది. అయితే అలీ తిరిగిపోవునప్పుడు రామరాయలు మర్యాదపూర్వకంగా సాగనంపలేదని, అది అతని మనస్సులో ముల్లై నాటుకొన్నదని కూడా ఫెరిష్తాయే చెప్పాడు. ఫెరిష్తా బిజాపూరు కొలువులో, ఈ సంఘటనలకు దాదాపు అర్ధశతాబ్ది తరువాత వ్రాసినవాడు. ఆయన మాటలను తూచి గ్రహించాలి. అయినా ఇతర వృత్తాంతాలలోనూ ఇదే ధోరణి కనబడుతున్నది.

గర్వము – అవమానము

1558 తరువాత రామరాయలు బిజాపూరు, గోల్కొండల సేనలను వెంటబెట్టుకొని అహమ్మదునగరంపై దండెత్తాడు. గ్రామాలు ధ్వంసమైనవి. సామాన్య జనం నానా బాధలు పడ్డారు. సంధి షరతుగా హుసేన్ నిజాంషా కల్యాణి కోటను బిజాపూరుకు అప్పగించవలసి వచ్చింది. కల్యాణి ఒకప్పటి పశ్చిమ చాళుక్యుల రాజధాని. చాళుక్య వంశీయులమని చెప్పుకొనే ఆరవీటివారికి ఆ కోట కేవలం రాతిగోడ కాదు, తమ పెద్దరికానికి పూర్వికుల ముద్ర. అంతేకాదు, హుసేన్ స్వయంగా రామరాయల శిబిరానికి వచ్చి ఆయన చేతినుండి తాంబూలం స్వీకరించాలని మరొక షరతు. తాంబూలం మన సంప్రదాయంలో గౌరవానికి గుర్తు. కాని సామంతుడు ప్రభువు చేతినుండి అందుకొనునప్పుడు అదే విధేయతకు గుర్తవుతుంది. గౌరవచిహ్నాన్నే అవమానసాధనంగా మార్చినందువల్ల ఆ గాయం మానలేదు.

1563 ప్రాంతంలో మరొక యుద్ధం. ఈసారి ఇబ్రహీం కుతుబ్షా హుసేన్ పక్షం చేరాడు. అందుకు ఫలితంగా కోయిలకొండ, పానగల్లు, ఘనపురం కోటలను గోల్కొండ వదులుకోవలసి వచ్చింది. ఏడేళ్లు తన ఇంట పెరిగినవాని ఇంటికి రామరాయలు చేసిన పని అది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. రామరాయలు అంతవరకు దాదాపు ప్రతి యుద్ధమూ గెలిచాడు, ప్రతి సంధిలోనూ లాభపడ్డాడు. కాని ప్రతి విజయమూ ఒక పొరుగువానిని మనసులో దూరం చేసింది. ఆయన నీతి నడవాలంటే పొరుగువారు ఒకరినొకరు ఆయనకంటె ఎక్కువగా భయపడుతూ ఉండాలి. ఏనాడైతే వారందరికీ ఒకరికంటె ఒకరు మేలని, ఆయనే అధిక భయకారణమని తోచిందో ఆనాడే త్రాసు విరిగింది. ప్రాచీన గ్రీసుదేశంలో ఏథెన్సు నగరం చరిత్ర ఇటువంటిదే. పారశీకుల భయంతో మిత్రనగరాలు కూర్చుకున్న నిధిని క్రీ.పూ. 454లో ఏథెన్సు తన నగరానికే తరలించుకొన్నది. మిత్రులు కప్పందారులైనారు. క్రీ.పూ. 431లో ఆరంభమైన యుద్ధం 404లో ఏథెన్సు లొంగుబాటుతో గాని ముగియలేదు.

రక్కసగి – తంగడగి

సుల్తానుల మైత్రి పెండ్లిపందిరిలో ముడిపడింది. హుసేన్ కుమార్తె చాంద్ బీబీని అలీ ఆదిల్షా వివాహమాడాడు. షోలాపురం కోట ఆమెకు అరణంగా వచ్చింది. అలీ సోదరిని హుసేన్ కుమారుడు ముర్తజాకు ఇచ్చారు. దశాబ్దాలుగా ఆ రెండు రాజ్యాలు కొట్టుకొన్నది షోలాపురం కోసమే. తగవుకు మూలమైన కోట పెండ్లికానుకగా మారిపోయింది. రామరాయలు ముప్పై ఏళ్లు లాభపడిన కలహం ఒక్క శుభలేఖతో సమసిపోయింది. అటుపిమ్మట రాయచూరు, ముదిగల్లు మొదలైన కోటలు తిరిగి ఇమ్మని అలీ దూతను పంపగా రామరాయలు నిరాకరించాడు.

అలీ ఆదిల్షా, హుసేన్ నిజాంషా, ఇబ్రహీం కుతుబ్షా, బీదరు పాలకుడు అలీ బరీదు సేనలు తాళికోట వద్ద కూడినవి. బీరారు మాత్రం రాలేదు. 1565 జనవరి 23న కృష్ణానదీ తీరంలో రక్కసగి, తంగడగి గ్రామాల సమీపాన మహాయుద్ధం జరిగింది. డెబ్బై ఏళ్లు పైబడిన రామరాయలు స్వయంగా సేనకు నడుమ నిలిచి పోరు నడిపించాడు. వేంకటాద్రి, తిరుమలరాయలు చెరొక ప్రక్కను కాచారు. మొదట విజయనగర సేనదే పైచేయి. అహమ్మదునగరపు ఫిరంగిదళం రాగినాణేలను దట్టించి దగ్గరనుండి కాల్చగా ముందువరుసలు కూలినవి. ఆ కల్లోలంలో రామరాయలు పట్టుబడ్డాడు. హుసేన్ నిజాంషా ఆజ్ఞపై ఆయన శిరస్సు ఖండించి, ఈటెకు గ్రుచ్చి చూపారు. సేన చెదిరిపోయింది. వేంకటాద్రి రణభూమిలో నేలకొరిగాడు.

తిరుమలరాయలు సదాశివుని, రాజకోశాన్ని ఏనుగులపై తీసుకొని పెనుకొండకు తరలిపోయాడు. రక్షకులు లేని విజయనగరాన్ని నెలల తరబడి దోచి, తగులబెట్టారు. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన హంపి శిథిలాలు ఆనాటి గాయపు గుర్తులే.

చరిత్రను ఏవిధంగా బోధించాలి

ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరాటంగా చెప్పి ముగించడం సులభం. పరీక్షలో రెండు వాక్యాలు వ్రాయడానికి అది అనుకూలం కూడా. కాని రామరాయల జీవితాన్ని మొదటినుండి చదివిన వారికి ఆ మాట చాలదని తెలుస్తుంది. ఆయన యౌవనంలో సుల్తాను కొలువు చేశాడు. సుల్తాను కుమారునికి ఆశ్రయమిచ్చాడు. మరొక సుల్తానుకు ఆయన భార్య తల్లివంటిదైనది. ఆయన సేనలో ముస్లిం సర్దారులు అనేకులుండేవారు. ప్రతి యుద్ధంలోనూ ఎవరో ఒక సుల్తాను ఆయన ప్రక్కన నిలిచాడు. చివరి యుద్ధంలో ఏ సుల్తానూ ఆయన ప్రక్కన మిగలలేదు. అసలు ప్రశ్న ఇదే. దీనికి సమాధానం మతంలోకంటె ఆయన పెద్దరికం నెరపిన తీరులో ఎక్కువగా దొరుకుతుంది.

కృష్ణదేవరాయలకు యవనరాజ్యస్థాపనాచార్యుడనే బిరుదు ఉండేది. జయించిన తరువాత బహమనీ వంశీయుని తిరిగి గద్దెపై నిలిపినందుకు వచ్చిన బిరుదది. అందులోనూ రాజనీతి ఉన్నదనుట నిజమే. అయినా పడినవానిని లేపి నిలబెట్టామని చెప్పుకొనే పెద్దరికానికి, పడినవాని చేత తాంబూలం పట్టించుకొనే పెద్దరికానికి భేదం ఉన్నది.

గెలిచినవారు మాత్రం ఏమి బావుకున్నారు? హుసేన్ నిజాంషా ఆ సంవత్సరమే మరణించాడు. ఉమ్మడి భయం తొలగగానే సుల్తానుల మైత్రి కూడా సడలి, పాత తగవులు మొలకెత్తినవి. ఉత్తరమునుండి మొగలులు దిగివచ్చినప్పుడు అడ్డుకోగల పెద్దదిక్కు దక్కనులో లేకపోయింది. పెండ్లితో మైత్రిని ముడివేసిన చాంద్ బీబీయే 1595-96లో అహమ్మదునగరం కోటలో నిలిచి మొగలు సేనలను ఎదిరించవలసి వచ్చింది. అహమ్మదునగరం 1636లో, బిజాపూరు 1686లో, గోల్కొండ 1687లో మొగలుల పాలైనవి. ఇటు తిరుమలరాయలు 1570 ప్రాంతంలో పెనుకొండలో పట్టాభిషిక్తుడై, రామరాజభూషణుని ‘వసుచరిత్రము’ను అంకితం పొందాడు. ఆయన వారసులు రాజధానిని చంద్రగిరికి మార్చి కొంతకాలం రాజ్యాన్ని నిలిపినా, నాయకులు ఒక్కొక్కరే స్వతంత్రులైనారు. శ్రీరంగపట్టణం 1610లో మైసూరు ఒడయరుల వశమైంది. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు చెన్నపట్టణపు స్థలాన్ని ఆంగ్ల వర్తకులకు ఇచ్చాడు. పెద్దదిక్కు దుర్మార్గమైతే చిన్నవారు బాధపడతారు. పెద్దదిక్కు లేకపోతే పరాయివారు బాగుపడతారు. ఈ రెండు సత్యాలూ ఒకే జీవితం మనకు బోధిస్తున్నది.

మనకు దీనితో పని ఏమిటని తల్లిదండ్రులు అడుగవచ్చును. పెద్దరికం రాజ్యాలకే పరిమితం కాదు. గ్రామంలో పెద్దకుటుంబం, తరగతిలో మొదటి ర్యాంకు విద్యార్థి, ఇంట్లో పెద్దకొడుకు, రాష్ట్రంలో అధికసంఖ్యాకుల భాష – వీటన్నింటికీ పెద్దరికం ఉన్నది. కన్నడనాట తెలుగు బోధించుకొనే పాఠశాల డెబ్బై ఐదేళ్లు నిలిచిందంటే, ఆ పెద్దరికం చిన్నదానికి చోటిచ్చినందువల్లనే. మన పిల్లలు కన్నడం నేర్చుకొని ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి మెలిగినందువల్లనే. చోటిచ్చినవారూ, చోటు పొందినవారూ ఒకరి మర్యాదను ఒకరు కాపాడుకున్నారు. అది రాసిచ్చిన సంధి కాదు గనుక దినదినమూ కాపాడుకోవలసినదే.

పూర్వవిద్యార్థులలో నేడు అధికారులు, వ్యాపారులు, ఉపాధ్యాయులు, గ్రామపెద్దలు అనేకులున్నారు. మీ చేతిక్రింద పనిచేసేవారుంటారు. మీతో పోటీపడి ఓడినవారుంటారు. రామరాయల శౌర్యాన్ని, దక్షతను, శరణాగతరక్షణను ఆదర్శంగా తీసుకొనండి. ఓడినవాడు మీ ఎదుటికి వచ్చినప్పుడు మాత్రం ఆ తాంబూలపు సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనండి. ఎప్పుడైనా పెనుకొండకు వెళ్లి ఆ కోటగోడలను మీ పిల్లలకు చూపితే, అక్కడికి ఒక సామ్రాజ్యం ఎందుకు పరుగెత్తి వచ్చిందో కూడా వారికి చెప్పండి.